నీళ్ళ పైపుకి పసుపు రంగు

ఫోను మోగేసరికి ఆశాజ్యోతి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పెరుగు గిన్నెకి చోటు వెతుకుతోంది. చేతులు ఖాళీ లేక, చిటికెన వేలితో స్పీకర్లో పెట్టింది.

"ఇల్లు మీకే ఇద్దామనుకుంటున్నానండి," అన్నారు నీలకంఠం గారు.

జ్యోతి పెరుగు గిన్నెని వంకాయల మీద పెట్టి తలుపు మూసేసింది. హాల్లోనే ఓ మూల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న మోహనకృష్ణ ఆ మాట విని ఇస్త్రీపెట్టెను చొక్కా మీదే వదిలేసి వచ్చాడు. తర్వాత ఆ చొక్కాని ఇంట్లో మాత్రమే తొడుక్కున్నాడు.

వాళ్ళకి పెళ్ళయి రెండు నెలలు. ఆ రెండు నెలలూ కూర్మన్నపాలెంలో మోహనకృష్ణ అక్కగారింటి హాల్లో కాపురం చేశారు. అక్కగారు దేవత. ఆమె వండిపెట్టేది, బట్టలు మడతపెట్టేది, ఒక్క మాట అనేది కాదు. కానీ ఆ ఇంట్లో ఫ్రిజ్ ఉన్నది హాల్లో. పైగా ఆ వంశంలో అందరికీ రాత్రిళ్ళు దాహం ఎక్కువ. ఎవరు మంచినీళ్ళకి లేచినా ఫ్రిజ్ దీపం కొత్త దంపతుల మొహాల మీద పడేది. లేచినవాళ్ళు నొచ్చుకుని, "పడుకోండి, పడుకోండి" అనేవాళ్ళు. వీళ్ళు పడుకునే ఉండేవాళ్ళు.

అందుకని దువ్వాడ స్టేషనుకి ఇవతల వీధిలో నీలకంఠం గారి మేడమీద వాటా ఖాళీగా ఉందని తెలిసినప్పుడు ఇద్దరూ వెళ్ళి చూసొచ్చారు. ఒక గది, ఒక వంటిల్లు, రైళ్ళు కనిపించే వసారా. ఆ ఇంట్లో జ్యోతికి అన్నిటికన్నా నచ్చింది తలుపుకి లోపల వైపున్న గడియ. చూడ్డానికి వెళ్ళినరోజే దాన్ని వేసీ తీసీ, తీసీ వేసీ, నూనె పెట్టక్కర్లేదని నిర్ధారించుకుంది.

"చాలా సంతోషమండి," అంది జ్యోతి ఫోనులో.

"సంతోషం తర్వాతండి. పైపుల సంగతి చెప్పాలి."

నీలకంఠం గారిది గోదావరి జిల్లా. కుర్రతనంలో స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, మెయింటెనెన్సులో చేసి రిటైరై, ఇక్కడే స్థిరపడిపోయారు. అద్దెకి దిగేవాళ్ళ జీతాలు, కులగోత్రాలు ఆయన అడగరు. ట్యాంకు నుంచి కిందికి దిగే ఇనప పైపుల తుప్పు వదిలించి రంగు వెయ్యమంటారు. అది చూసి మనుషుల్ని కొలుస్తారు.

"ఇంతకుముందు ఒకాయన తుప్పు మీదే రంగు పులిమేశాడండి. ఆర్నెల్లు తిరక్కుండా పైపు నుంచి రంగూ, ఆయన నుంచి భార్యా, రెండూ ఊడొచ్చేశాయి. నేను శకునాలు నమ్మను. కానీ చూశాను కదండీ."

ఆయన శనివారం పొద్దున్న ఆనందపురంలో పెళ్ళికి వెళుతున్నారట, ఆదివారం సాయంత్రం వస్తారట. "తుప్పు గీకండి, ఎర్ర ప్రైమరు వెయ్యండి, పైన రంగు వెయ్యండి. వచ్చి చూస్తాను. బాగుంటే తాళంచెవి మీది. లేకపోతే ఏమీ అనుకోకండి. ఇంకో జంట కూడా అడుగుతున్నారు."

ఏ రంగో ఆయన చెప్పలేదు. ఆ వీధిలో ఎవరూ ఎవరికీ చెప్పరు. అన్నం ఏ చేత్తో తినాలో కూడా చెప్పరు కదా.

శుక్రవారం సాయంత్రం ఇద్దరూ రంగుల దుకాణానికి వెళ్ళారు. పెళ్ళి చీర కొన్నప్పుడు జ్యోతి వెంట ఊరు ఊరంతా కదిలింది. అందరికీ నచ్చిన చీర కొన్నారు. ఆ అందరిలో తను లేదు. ఇక్కడ రంగుల అట్ట ముందు వాళ్ళిద్దరే. ఆమె అట్టని కిందికీ పైకీ చదివింది. చివరికి ఒక గడి మీద వేలు పెట్టింది. మాగిన మామిడిపండుకీ, తంగేడు పువ్వుకీ మధ్య ఉండే పసుపు.

"పైపుకా?" అన్నాడు మోహనకృష్ణ.

"పైపుకే."

"ఆ వీధిలో అన్ని పైపులూ ఆకుపచ్చగా ఉన్నాయి కదే."

"చూశాను బావా. ఏ ఇంటికి చూసినా అదే ఆకుపచ్చ. పాపం, ఒకటే డబ్బా కొని అందరూ పంచుకున్నట్టున్నారు."

మోహనకృష్ణ పోర్టులో కంటైనర్ల యార్డులో పనిచేస్తాడు. పొద్దస్తమానం అన్ని రంగుల పెట్టెలూ చూస్తాడు కనుక అతనికి ఏ రంగు మీదా ప్రత్యేకమైన అభిప్రాయం లేదు. పసుపు డబ్బా కొన్నారు. తిరుగు దారిలో బండి మీద జ్యోతి ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

శనివారం పొద్దున్నే పని మొదలైంది. ట్యాంకు నుంచి మెట్ల పక్కగా గోడ వెంట దిగే పైపు ఒకటి, మధ్యలో వంపు తిరిగి వంటింట్లోకి వెళ్ళేది ఇంకొకటి. సముద్రపు గాలి తిని తిని వాటి ఒళ్ళు అప్పడంలా పొంగింది. గోటితో తాకితే రేకులు రేకులుగా ఊడుతోంది. క్లాంపుల దగ్గర తుప్పునీళ్ళు గోడమీదకి కారి, ఎవరో కిళ్ళీ నమిలి ఉమ్మినట్టు చారలు కట్టాయి.

జ్యోతి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. తుప్పు ఎందుకు పడుతుందన్న ప్రశ్నకి ఆమె ఎప్పుడూ మంచి మార్కులే తెచ్చుకుంది. అది ముక్కులోకి వెళితే మధ్యాహ్నం దాకా తుమ్ములు ఆగవని మాత్రం సిలబస్‌లో లేదు. ఇద్దరూ మూతులకి గుడ్డలు కట్టుకున్నారు. మోహనకృష్ణ నిచ్చెన ఎక్కి పైభాగం, జ్యోతి నేలమీద నిలబడి కిందిభాగం, ఇనప తీగల బ్రష్షుతో రుద్దారు. తర్వాత గరుకు కాగితం పట్టారు. పైనుంచి రాలిన తుప్పంతా కిందనున్న జ్యోతి జడలో పడింది. అతను ప్రతి అయిదు నిమిషాలకీ "సారీ" అన్నాడు. ఆమెకి ప్రతిసారీ సంతోషమే కలిగింది. ఎందుకో అడిగితే చెప్పలేదు.

ఎదురింటి చిలకమ్మ గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. అరవై దాటిన మనిషి. అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటుంది.

"ఏటే గుంటా, కొత్త పెళ్ళికొడుకుని అప్పుడే నిచ్చెనెక్కించీసేవు?"

"దిగితే పనవ్వదు పిన్నీ."

"మాయనైతే ప్లాంటులో బట్టీకాడ రోజంతా నిచ్చెనలెక్కీవోడు. ఇంటికొచ్చినాక మంచం తప్ప ఇంకేటీ ఎక్కీవోడు కాదు." చుట్టని నాలుకతో ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుంది. "రుద్దండి, రుద్దండి. నీలకంఠం బాబు గోటితో గీకి సూత్తాడు."

మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని, వదిన కట్టిచ్చిన పులిహోర ఒకటే డబ్బాలోంచి తిన్నారు. అన్నంలో కొంచెం తుప్పు కూడా పడింది. ఇనుము ఒంటికి మంచిదని జ్యోతి చెప్పింది.

చిక్కు వచ్చింది పైపు వెనక. గోడకీ పైపుకీ మధ్య వేలు దూరేంత సందే ఉంది. బ్రష్షు పట్టదు. కంటికీ కనబడదు.

"వెనకేం ఉందో ఎవరు చూస్తారు జ్యోతీ," అన్నాడు మోహనకృష్ణ.

జ్యోతి చేతిసంచీలోంచి పెళ్ళినాటి మేకప్ డబ్బా తీసింది. దాని మూతకి చిన్న అద్దం ఉంది. ఆ అద్దాన్ని సందులో పెట్టి చూస్తే, ముందువైపు కన్నా వెనకవైపే తుప్పు ఎక్కువుంది. వర్షపు నీళ్ళు ఆరకుండా నిలిచేది అక్కడే మరి. పాత టూత్ బ్రష్షు, చీపురు పుల్లకి చుట్టిన గరుకు కాగితం పట్టుకుని, ఆమె అద్దంలో చూస్తూ పనిచేసింది. అద్దంలో చేయి కుడికి పోనిస్తే ఎడమకి పోయింది. కాసేపటికి అది అలవాటైంది. ఒకసారి అద్దం వంకర తిరిగి అందులో తుప్పుకి బదులు మొగుడి మొహం సగం కనిపించింది. అతనూ అద్దంలోకే చూస్తున్నాడు. పైపు పని కాస్త ఆలస్యమైంది.

సాయంత్రం గాలి తిరిగేలోపు గుడ్డతో తుడిచి ఎర్ర ప్రైమరు వేసేశారు. గీకిన ఇనుముని ఒక్క రాత్రి ఈ గాలికి వదిలినా పొద్దున్నకి మళ్ళీ ఎర్రబడుతుంది.

ఆదివారం పొద్దున్న ప్రైమరు ఆరింది. పసుపు డబ్బా మూత తీశారు. జ్యోతి మొదట వెనకవైపు వేసింది, గుడ్డపీలికని రంగులో ముంచి సందులోంచి పైపు చుట్టూ లాగుతూ. తర్వాత ముందువైపు బ్రష్షుతో. పలచగా ఒక చేయి, అది తాకితే అంటకుండా ఆరాక ఇంకో చేయి. మధ్యాహ్నం అయ్యేసరికి గోడ మీద పసుపు పైపు ఎండలో మెరుస్తోంది. జ్యోతి గేటు దాటి వీధిలో నిలబడి చూసుకుంది. బాగుంది. ఇంకొంచెం వెనక్కి నడిచి చూసింది. ఇంకా బాగుంది.

వీధి కూడా చూడ్డం మొదలుపెట్టింది. మొదట చిలకమ్మ మొగుడు ఎల్లారావు చుట్ట కాలుస్తూ బయటికి వచ్చాడు. ఆయన ప్లాంటులో గ్యాసు లైన్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. పైపుని చూశాడు. నోట్లో చుట్ట తీశాడు. దాన్ని నేలమీద వేసి, కాలితో నలిపి, పక్కనున్న బకెట్లో నీళ్ళు దాని మీద పోసి, లోపలికి వెళ్ళిపోయాడు.

తన రంగు చూసి మనిషి చుట్ట మానేశాడనుకుని జ్యోతి గర్వపడింది.

తర్వాత ఆ ఇంట్లో మూడో కూతకి సిద్ధమవుతున్న కుక్కరు నీరసంగా ఆగిపోయింది. పక్కింట్లో పోపు వాసన వచ్చి, మధ్యలోనే పోయింది. బండి మీద వస్తున్న ఒకాయన వీధి మొదట్లో ఇంజను ఆపేసి, బండిని తోసుకుంటూ, గోడవారగా, పసుపు పైపున్న ఇల్లు దాటేదాకా ఊపిరి బిగబట్టి నడిచాడు. దాటాక కూడా స్టార్టు చెయ్యలేదు. ఆదివారం మధ్యాహ్నం, ఏ ఇంట్లోనూ మాంసం ఉడకడం లేదు.

"ఎవరైనా పోయారేమో," అన్నాడు మోహనకృష్ణ.

ఎల్లారావు మళ్ళీ బయటికి వచ్చి, తన గేటు లోపలే నిలబడి పిలిచాడు. "పాపా, ఈ లైను ఎప్పుడేసేరు? మాకు సెప్పనేలేదు."

"ఏ లైను బాబాయ్?"

"గేసు."

"గ్యాసేంటి బాబాయ్, ఇది నీళ్ళ పైపు."

"నీళ్ళైతే పసుపేటి?"

"బాగుంటుందని."

ఎల్లారావు ఆలోచనలో పడ్డాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పైపు రంగుకి ఆ కారణం ఆయనకి ఎవరూ చెప్పలేదు. రోడ్డు దాటి వచ్చి, పైపుకి చెవి ఆనించబోయి, రంగు తడి గుర్తొచ్చి ఆగాడు.

"సూడమ్మా. నీళ్ళకి సముద్రం పచ్చ. ఆవిరికి వెండి రంగు. గాలికి లేత నీలం. పసుపు గేసుకి. ప్లాంటులో పసుపు గొట్టం కనబడితే అగ్గిపెట్టి జేబులో ఉన్నా తప్పే."

"ఇది ఇల్లు కదా బాబాయ్."

"ఇల్లైతే? ఇనప గొట్టం ఇనప గొట్టం కాదేటి?" ఆయన వీధి వైపు చేయి చూపించాడు. "ఈ వీదిలో అందరం ప్లాంటోళ్ళమే. అందరం బుర్రలో అదే ఉంచుకున్నాం. నీలకంఠం బాబైతే సెప్పక్కర్లేదు. గొట్టాలకి రంగు తప్పేసినోడికి ఆరోజు జీతం రాయొద్దనీవోడు."

మోహనకృష్ణ నిచ్చెన చివరి మెట్టు మీద కూర్చుండిపోయాడు. జ్యోతికి మొదటిసారి భయం వేసింది. ఆ గడియ, ఆ వసారా, రైళ్ళు. ఇంకో జంట కూడా అడుగుతున్నారు.

"అయిపోనాదేటి ఇప్పుడు?" అంది వెనకాలే వచ్చిన చిలకమ్మ. "మన పెరట్లో పచ్చ డబ్బా ఉంది గదా. ఆ బాబు వచ్చీలోగా గంటలో పులిమీయండి. ఎవులికి తెలుత్తాది?"

"నాను ఫోను సేసీసేను," అన్నాడు ఎల్లారావు నేల చూపులు చూస్తూ. "గేసు లైను పడిందని. బయల్దేరిపోనాడు."

"నీకు నోరు ఇచ్చినోడు బుర్ర ఇవ్వడం మరిసిపోనాడు. అయినా ఆయన ఆనందపురంనుంచి రావాలి గదా. పచ్చ ఏసీసి, ఎల్లారావుకి కళ్ళు అవుపడవని సెప్పీద్దాం."

"నాకు కళ్ళవుపడవని ఎవుడు నమ్ముతాడే?"

"నానే నమ్ముతాను. నన్ను పెళ్ళి సేసుకుని ఇన్నాళ్ళైనా సరిగా సూళ్ళేదు."

ఎల్లారావు వెళ్ళి డబ్బా తెచ్చాడు. మోహనకృష్ణ బ్రష్షు అందుకున్నాడు. "వేసేద్దాం జ్యోతీ. ఇల్లు పోతుంది. మళ్ళీ ఆ హాలుకి నేను వెళ్ళలేను."

జ్యోతి రెండో చేయి వేసిన చోట వేలు ఆనించింది. వేలికి పసుపు అంటింది.

"అడుగు ఆరలేదు బావా. దీని మీద పచ్చ వేస్తే ఇవాళ బాగుంటుంది. తర్వాత ముడతలు పడి మొత్తం తోలులా ఊడొస్తుంది. లోపల మనం గీకిందంతా వృథా."

"తర్వాత సంగతి తర్వాత."

"వద్దు."

పెళ్ళయ్యాక ఆమె అతనితో వద్దని అనడం అదే మొదలు. అది పైపు గురించి కావడం అతనికి కొంచెం వింతగా అనిపించింది. బ్రష్షు డబ్బా మీద అడ్డంగా పెట్టేశాడు.

"ఈ గుంట మొండిదిరా బాబూ," అంది చిలకమ్మ అతనితో. "సూసుకో."

నీలకంఠం గారు ఎండ తగ్గకముందే వచ్చారు. పెళ్ళి పంచె, చేతిలో లడ్డూల సంచీ. ఆటోని వీధి మొదట్లోనే ఎవరో ఆపేశారట, అక్కడి నుంచి నడిచి వచ్చారు. ఆయన వెనక వీధిలో మగవాళ్ళంతా, కొంచెం దూరంగా.

గేటు దగ్గర ఆగి పైపుని చూశారు. లడ్డూల సంచీ జ్యోతికిచ్చారు. మొలలో తాళంచెవి తీసి వంపు దగ్గర గట్టిగా గీశారు. పసుపు మీద గీత పడింది, కింద ఎర్ర ప్రైమరు కనిపించింది. ఇనుము కనిపించలేదు, పొర లేవలేదు. క్లాంపుల చుట్టూ చూశారు. మేకుల తలల మీద కూడా చూశారు. చివరికి వేలు పైపు వెనక్కి, ఆ సందులోకి పోనిచ్చి, పైనుంచి కిందికి లాగారు.

వేలు బయటికి తీస్తే నిండా పసుపు.

ఆయన ఆ వేలుని చాలాసేపు చూసుకున్నారు. "వెనక కూడా వేశారా?"

"వెనకే ముందు వేశామండి."

"గీకారా?"

"అద్దం పెట్టి గీకింది సార్," అన్నాడు మోహనకృష్ణ.

నీలకంఠం గారు అలాగే పసుపు వేలు పైకి పట్టుకుని నిలబడ్డారు. పంచెకి తుడుచుకుందామంటే పెళ్ళి పంచె. "ఇది నీళ్ళ పైపండీ," అన్నారు.

"తెలుసండి. రంగు తప్పని మధ్యాహ్నం తెలిసింది."

ఆయన కళ్ళు ఎల్లారావు డబ్బా మీద పడ్డాయి. "పచ్చ ఉందిగా ఇక్కడ. నేనొచ్చేలోపు పైన వేసెయ్యొచ్చు కదా?"

"వెయ్యొచ్చండి. కింద తడిగా ఉంది. ఊడొచ్చేది."

"వెంటనే ఊడదు. నాకు తెలియడానికి ఆర్నెల్లు పట్టేది."

"అవునండి," అంది జ్యోతి. "ఆర్నెల్ల తర్వాత కూడా మేం ఇక్కడే ఉండాలనుకుంటున్నామండి."

చిలకమ్మ చుట్ట ఆరిపోయినట్టుంది, నోరు కదపడం మానేసింది.

నీలకంఠం గారు వేలుని ప్రైమరు డబ్బా కింద పరిచిన పాత పేపరుకి తుడిచారు. తర్వాత, గీత గీసిన తాళంచెవినే, దానికంటిన పసుపు తుడవకుండా జ్యోతి చేతిలో పెట్టారు.

"పని బాగుంది. రంగు తప్పు. బాగా ఆరాక పచ్చ వేద్దాం. బాగా ఆరడానికి ఎన్నాళ్ళు పడుతుందని ఈ వీధిలో నన్నెవరూ అడగొద్దు."

"అది సరే బాబూ," అన్నాడు ఎల్లారావు. "అందాకా మేం పొయ్యిలెలా ఎలిగించాలి? లోపల నీళ్ళని నాకు తెలుసు. తెలిసినా సెయ్యి ఆడతాలేదు."

వెనకనున్న మగవాళ్ళంతా తలలూపారు. వాళ్ళు పొద్దున్న తిన్న ఉప్మాతోనే ఉన్నారు.

వాళ్ళ భయం తప్పు కాదని నీలకంఠం గారికీ తెలుసు. ఆయన కూడా వేలు తుడుచుకున్నప్పటి నుంచి పైపుకి రెండడుగుల దూరంలోనే ఉన్నారు.

"అమ్మాయ్, రేపు సోమవారం, మంచిరోజే. పొద్దున్న ఏడింటికి పాలు పొంగించుకోండి. వంటింట్లో కాదు. ఇక్కడ, నేలమీద, ఈ పైపుని ఆనుకుని పొయ్యి పెట్టండి. వీధి వీధంతా వచ్చి చూడాలి. ఆ పొయ్యి మీదే, ఈ పైపు నీళ్ళతోనే అందరికీ టీ. అగ్గిపుల్ల ఎల్లారావు గీస్తాడు."

"నానా?" అన్నాడు ఎల్లారావు.

"నువ్వే. అర్హత ఉన్నవాడివి నువ్వే కదా."

జ్యోతి అప్పటికే వదినకి ఫోను చేసేసింది. తాళంచెవి గుప్పిట్లో ఉంది, చెయ్యంతా పసుపు.

"వదినా, ఇల్లు ఇచ్చేశారు. రేపు పొద్దున్న ఏడింటికి పాలు పొంగిస్తున్నాం, మీరందరూ రావాలి. కాదు, వంటింట్లో కాదు, బయట, పైపు పక్కన. ఎందుకో వచ్చాక చెబుతాను. మీ పెద్ద గిన్నె ఒకటి తెండి వదినా. టీ వీధి మొత్తానికి పెట్టాలి."